లైప్‌జిగ్ పియానో – సోమవరప్పాడు ఫిడేలు

ఏలూరు పేరు చెప్పగానే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి గుర్తుకు వస్తుంది. ఇల్లు అలంకరించుకునేవారికి తివాచీలు, భోజనప్రియులకు కొల్లేటి కొరమీను, రైలు ప్రయాణీకులకు వేసవి మధ్యాహ్నపు సెగ. చరిత్ర చదువుకున్నవారికి కూతవేటు దూరాన ఉన్న పెదవేగి, అంటే ఒకనాటి వేంగి. కృష్ణ నీరూ గోదావరి నీరూ కాలవల్లో నడిచివచ్చి కలుసుకునే ఊరు ఇది. తమ్మిలేరు ఊరి దగ్గరికి వచ్చి రెండు పాయలుగా చీలి, చెరొక పక్కనుంచీ ఊరిని చుట్టి, కొల్లేటి దారి పడుతుంది. ఇన్ని సంగతులు చెప్పగలవారు కూడా సంగీతం మాట ఎత్తరు. సంగీతం అంటే విజయనగరం అంటారు, తంజావూరు అంటారు, మద్రాసు అంటారు. ఏలూరు అనరు.

కాని 2021 లో పద్మశ్రీ బిరుదులు ప్రకటించినప్పుడు ఒక చిత్రం జరిగింది. ఆంధ్రప్రదేశానికి వచ్చిన మూడింటిలో ఒకటి అవధాని ఆశావాది ప్రకాశరావు గారిది. తక్కిన రెండూ సంగీతానివే. ఆ ఇద్దరూ ఈ నేల మనుషులే. ఒకరు ఏలూరు పొరుగున సోమవరప్పాడులో 1926 మార్చి 27 న పుట్టిన వాయులీన విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారు. రెండవవారు ఏలూరులో పుట్టి, తండ్రి నిడుమోలు రాఘవయ్య గారి దగ్గరే తొలి పాఠాలు నేర్చిన మృదంగ విదుషి నిడుమోలు సుమతి గారు. బిరుదు ప్రకటించేనాటికి రామస్వామి గారికి 94 ఏళ్ళు నిండాయి. ఊరికి పేరు రావడానికి తివాచీ ఒక్కటే చాలదని అప్పుడు కొందరైనా అనుకొని ఉంటారు.

ఈ సంగతి నేను ఇప్పుడు ఎత్తుకోవడానికి మా ఇంటి గొడవ ఒకటి కారణం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతున్నది. నాలుగేళ్ళుగా మా వీధి చివర ఒక మాస్టారి దగ్గర ఫిడేలు నేర్చుకుంటున్నది. రాబోయేది పదో తరగతి. ఆపైన ఇంటర్మీడియట్ అనే మహాసముద్రం. “ఇక ఫిడేలు ఆపేద్దామండీ. అంతగా కావాలంటే ఫోనులో నేర్చుకుంటుంది” అన్నది మా ఆవిడ. ఈ మాట వినపడని మధ్యతరగతి ఇల్లు నేడు లేదు గనక ఆమెను తప్పు పట్టడానికి వీల్లేదు. అమ్మాయి కూడా తల్లి పక్షమే వహించింది. “అవును నాన్నా, మాస్టారు చెప్పే వర్ణాన్నే ఫోనులో పదిమంది వాయిస్తున్నారు. నచ్చినవాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు” అన్నది. నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకొని బతుకుతున్నవాణ్ణి. మాస్టారితో పని లేదనే మాట నాకు కాస్త దగ్గరగా తగిలింది.

ఆ ఫోనులోనే అమ్మాయి ఒక రాత్రి పియానో వింటున్నది. వాయిస్తున్నది క్లాడియో అర్రావ్ అనే మహానుభావుడు. బీథోవెన్ సంగీతానికి లోకం మెచ్చిన చెయ్యి. “ఈయనకు ఎవరు నేర్పారు నాన్నా?” అని అడిగింది. మార్టిన్ క్రౌజె అనే జర్మను పియానో మాస్టారు అని చెప్పాను. “ఆ పేరు ఎప్పుడూ వినలేదే!” అన్నది. నిజమే, వినదు. శిష్యుడి పేరు గోపురం మీద ఉంటుంది, గురువు పేరు పునాదిలో ఉంటుంది. పునాదిని ఎవరు చూస్తారు?

దీనికి ఇంట్లో కూర్చుని జవాబు చెబితే ఉపన్యాసం అవుతుంది, దారిలో చెబితే కబురు అవుతుంది. అందుచేత ఒక ఆదివారం పొద్దున్నే తండ్రీకూతుళ్ళం బస్సెక్కాము. సోమవరప్పాడు, అక్కడినుంచి భీమడోలు మీదుగా కొల్లేటి లంకలు, సాయంత్రానికి తాడేపల్లిగూడెం. ఇదీ మా యాత్ర.

తంతి వచ్చింది, మెట్లు రాలేదు

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం పోయే పెద్ద రోడ్డు మీద, దెందులూరు రాకముందే సోమవరప్పాడు వస్తుంది. దిగి చూస్తే గోదావరి జిల్లాల్లో ఏ ఊరైనా ఉన్నట్టే ఉంటుంది. పొలాలు, కొబ్బరిచెట్లు, రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి పరుగెత్తే లారీలు. ఇక్కడ పుట్టిన పిల్లవాడి చేతికి ఐరోపా ఖండపు వాద్యం ఎలా వచ్చిందా అని మా అమ్మాయికి సందేహం వచ్చింది. రావలసిన సందేహమే.

ఫిడేలు మన దేశానికి దొరలతో వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపా వాద్యగాళ్ళ వాయింపు విని, నేర్చుకొని, దాని మీద కర్ణాటక సంగీతం పలికించాడు. తంజావూరు అన్నదమ్ములు నలుగురిలో ఒకడైన వడివేలు దాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. 1834 లో తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ ఆయనకు దంతపు ఫిడేలు బహూకరించాడు. దొర కుర్చీలో కూర్చుని గడ్డం కింద పెట్టుకున్న వాద్యాన్ని మనవాళ్ళు నేల మీద బాసిపట్టు వేసుకొని, ఛాతీకీ పాదానికీ మధ్య ఆనించుకున్నారు. అంతటితో అది మనింటి పిల్ల అయిపోయింది.

మరి అదే దొరలతో పియానో కూడా వచ్చింది గదా, అది ఎందుకు మనది కాలేదు? ఈ ప్రశ్న అమ్మాయి వెయ్యలేదు, నేనే వేసుకున్నాను. జవాబు సంగీతంలోనే ఉన్నది. పియానోకు 88 మెట్లు. మెట్టు నొక్కితే దాని స్వరం అది పలుకుతుంది. ఆ మెట్టుకూ పక్క మెట్టుకూ మధ్య ఏమీ లేదు, గోడే. మన రాగానికి ప్రాణం స్వరంలో కన్నా స్వరానికీ స్వరానికీ మధ్యనున్న జారులోనూ, ఊపులోనూ, గమకంలోనూ ఉన్నది. ఫిడేలు తంతి కింద మెట్లు లేవు. వేలు ఎక్కడికైనా జరుగుతుంది, గొంతు ఎంత వంగితే అంత వంగుతుంది. అందుకని ఫిడేలు లోపలికి వచ్చింది, పియానో గుమ్మంలో ఆగిపోయింది. మనకు పియానో అంటే పాత సినిమాల్లో, జమీందారు గారింటి పుట్టినరోజు పండుగలో, కథానాయకుడు ముందు కూర్చుని పాటపాడే నల్లటి పెట్టె. అంతే.

మెట్లున్న వాద్యాలు మనవారికి అసలే తెలియవని మాత్రం అనకూడదు. 1842 లో పారిస్‌లో హార్మోనియం పుట్టింది. అదే సంవత్సరం, జర్మనీలో హెల్మ్‌స్టెట్ అనే ఊళ్ళో పుట్టిన హెయ్యర్ అనే లూథరన్ ఫాదరీ గుంటూరు వచ్చి దిగాడు. కాలక్రమాన హార్మోనియం ఇటు ప్రార్థనామందిరంలోనూ, అటు పద్యనాటకం తెర పక్కనా స్థిరపడింది. గమకం పలకదన్న దోషానికే 1940 లో ఆలిండియా రేడియో దాన్ని వెలివేసింది. మళ్ళీ దానికి తలుపు తెరవడం 1971 నుంచే. రేడియో వెలివేసినా నాటకాల వారు వదలలేదు. తెలుగు పల్లెకు పియానో ఏదైనా ఉన్నదంటే అది నాటకాల హార్మోనియమే.

ఇక ఫిడేలు సంగతి. 1919 లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని అధ్యక్షుణ్ణి చేశారు. ఫిడేలు పాఠం చెప్పడానికి కూర్చున్నవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు దాటి ఒకటో రెండో. నాయుడు గారు పాశ్చాత్య సంగీతాన్ని శ్రద్ధగా విన్నారు. ఆ కమాను నడకలోని నిండుతనాన్ని మన రాగానికి అమర్చుకున్నారు. ఉత్తరాంధ్రలో అది ఒక ధార. కృష్ణా తీరంలో మరొక ధార నడిచింది. సోమవరప్పాడు కుర్రవాడు వెళ్ళి చేరింది ఈ రెండవ ధారలో.

రెండు పరంపరలు

కృష్ణా జిల్లా దివిసీమ వైపు శ్రీకాకుళం అనే ఊరున్నది. అక్కడ పుట్టిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారి శిష్యులు. త్యాగరాజస్వామికి బంధువూ శిష్యుడూ అయిన మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారి శాఖ ద్వారా సుసర్ల వారికి ఆ విద్య దిగివచ్చిందని సంప్రదాయజ్ఞులు లెక్కకడతారు. పంతులు గారు బెజవాడలో కాపురముండి శిష్యులను తయారుచేశారు. ఆ శిష్యుల్లో ఒకరు 1930 లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ. పాలు తాగే వయస్సులోనే తల్లి పోయిన పిల్లవాడు. మరొకరు మన సోమవరప్పాడు రామస్వామి గారు. 1951 లో పంతులు గారు పోయారు. శిష్యులు మాత్రం గురువుగారి పాఠాన్ని ఇంకో అర్ధశతాబ్దం పైగా ఊరూరా పాడారు, వాయించారు, చెప్పారు.

ఇప్పుడు జర్మనీ వైపు చూడండి. త్యాగరాజస్వామి పుట్టింది 1767. బీథోవెన్ పుట్టింది 1770. ఒకరు కావేరి ఒడ్డున, ఒకరు రైన్ నది ఒడ్డున, ఒకే కాలంలో ఉన్నారు. ఒకరి పేరు ఒకరు విని ఉండరు. బీథోవెన్ దగ్గర చెర్నీ నేర్చుకున్నాడు. చెర్నీ దగ్గర లిస్ట్ నేర్చుకున్నాడు. లిస్ట్ చివరి సంవత్సరాల్లో ఆయన పాదాల దగ్గర చేరినవాడు మన కథలోని మార్టిన్ క్రౌజె.

క్రౌజె 1853 లో సాక్సనీ రాష్ట్రంలో పుట్టాడు. లైప్‌జిగ్ నగరంలో ఉండి పాఠాలు చెప్పాడు, పత్రికలకు సంగీత విమర్శలు రాశాడు. 1885 లో గురువు పేరిట లిస్ట్ సంఘం స్థాపించాడు. తరవాత బెర్లిను వెళ్ళి స్టెర్న్ సంగీత విద్యాలయంలో ఉపాధ్యాయుడైనాడు. కచేరీలు చేసి దేశాలు జయించినవాడు కాదు. ఆయన జయించింది పిల్లలను. చిలీ దేశంలో, సముద్రాలకు అవతల, చియాన్ అనే ఊళ్ళో 1903 లో ఒక పిల్లవాడు పుట్టాడు. ఏడాది నిండీ నిండకుండానే తండ్రి పోయాడు. తల్లి పియానో పాఠాలు చెప్పి ఇల్లు నడుపుకున్నది. ఆ పిల్లవాడి విద్య చూసి చిలీ ప్రభుత్వం వారు జీతమిచ్చి ఎనిమిదో ఏట జర్మనీ పంపారు. వాడే అర్రావ్. కొంతకాలానికి క్రౌజె చేతిలో పడ్డాడు. ముసలి మాస్టారు ఆ పిల్లవాడి దగ్గర దమ్మిడీ పుచ్చుకోలేదు. తన ఇంట్లో తన ఎదుట గంటలకు గంటలు సాధన చేయించాడు. పియానో ఒక్కటే చాలదని పుస్తకాలు చదివించాడు, బొమ్మల ప్రదర్శనశాలలకు పంపాడు, నాటకాలు చూడమన్నాడు.

ఆయన సాధన పద్ధతి వింటే మన సంగీతం మాస్టార్లకు నవ్వు వస్తుంది. ఎగతాళితో కాదు, చుట్టరికం కనిపెట్టిన నవ్వు. కష్టమైన చరణం వస్తే దాన్ని ఒకే విధంగా వందసార్లు వాయించనిచ్చేవాడు కాడు. మొదట నెమ్మదిగా, తరవాత వేగంగా, పిమ్మట నడక మార్చి, ఆ తరవాత శ్రుతి మార్చి, రకరకాలుగా వాయించమనేవాడు. మన సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడమనడం, మాయామాళవగౌళలో వచ్చిన వరసనే ఇంకొక రాగంలో వేసి చూడమనడం ఇదే గదా! “మా మాస్టారు కూడా ఇట్లాగే సతాయిస్తారు” అన్నది అమ్మాయి. సతాయించేవాడు లైప్‌జిగ్‌లోనైనా ఏలూరులోనైనా ఒక్కడే అన్నాను.

1918 ఆగస్టులో క్రౌజె పోయాడు. అప్పటికి అర్రావ్‌కు పదిహేనేళ్ళు. ఇంకొక గురువును వెతుక్కోమని పెద్దలు చెబితే వినలేదు, ఆపైన ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. 1935 లో బెర్లినులో వరసగా పన్నెండు కచేరీలు పెట్టి, బాఖ్ రాసిన మెట్ల వాద్య సంగీతమంతా వినిపించాడు. 1991 లో పోయేవరకు వాయిస్తూనే ఉన్నాడు. క్రౌజెకే శిష్యుడైన ఎడ్విన్ ఫిషర్ అనే స్విట్జర్లాండు దేశస్థుడు మరొక శాఖ పెంచాడు. ఆయన తరగతుల్లో కూర్చున్నవారిలో బ్రెండెల్ వంటివారున్నారు. ఏ దేశంలో ఏ పిల్ల పియానో ముందు కూర్చున్నా, వేళ్ళ వెనక ఎక్కడో క్రౌజె మాస్టారు సతాయిస్తూనే ఉండవచ్చు.

తల్లి పోయిన పిల్లవాడు ఇక్కడ, తండ్రి పోయిన పిల్లవాడు అక్కడ. ఇద్దరినీ చేరదీసినది పాఠమే.

కొల్లేటి దోనె

భీమడోలులో బస్సు దిగి ఆటో మాట్లాడుకొని ఆగడాలలంక వైపు వెళ్ళాము. రోడ్డుకు రెండు పక్కలా నీరు. ఏది చేపల చెరువో, ఏది కొల్లేరో చెప్పడం కొత్తవాళ్ళకు కష్టం. ఆకాశంలో గూడబాతులు బరువుగా, తీరికగా, పెళ్ళికి వెళ్ళే పెద్దమనుషుల్లాగా ఎగిరిపోతున్నవి.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య లోతట్టున ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలైనవి వరదనంతా తెచ్చి ఇందులో కుమ్మరిస్తాయి. కొల్లేరు ఆ వరదను పట్టి ఉంచి, నెమ్మదిగా ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపుతుంది. దీని పని దాచుకోవడం కాదు, అందుకొని అందించడం. మధ్యలో చేపల చెరువులకు కట్టలు వేసుకొని ఎవరి నీరు వారు బిగించుకునేసరికి సరస్సుకు ఊపిరాడలేదు. 1999 లో ప్రభుత్వం దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది. 2002 లో రామ్‌సార్ ఒడంబడిక కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006 లో సరస్సు లోపలి చెరువుల కట్టలు తెగగొట్టించారు. తెగగొట్టినప్పుడు బతుకుతెరువు పోయిన బీదలూ ఉన్నారు. అది వేరే కథ, వేరే వ్యాసం.

ఒడ్డున ఒక ముసలాయన మనవడికి తాటిదోనె నడపడం నేర్పుతున్నాడు. తాటిమాను తొలిచి చేసిన ఈ దోనె కొత్తవాడు అడుగుపెడితే తిరగబడుతుంది. పిల్లవాడు గడ వేస్తున్నాడు, దోనె అటు పోనంటున్నది. ముసలాయన మాట్లాడలేదు. పిల్లవాడి వెనక నిలబడి, వాడి చేతుల మీద తన చేతులు వేసి, ఒక్క తోపు తోశాడు. దోనె చెప్పినమాట విన్నది.

“తాతా, దోనె నడపడం ఎన్నాళ్ళకు వస్తుంది?” అని అడిగింది అమ్మాయి.

“చూత్తే రాదమ్మా, సెపితే రాదు. గడ ఏడ దిగిందో, ఏడ బురద పట్టిందో సేతికి తెలవాల. మా అయ్య నా సెయ్యి అట్టుకున్నాడు, నేను ఈడి సెయ్యి అట్టుకున్నాను” అని, నా వైపు తిరిగి, “మీరు మేష్టారాండీ?” అన్నాడు. అవునన్నాను. “ఐతే మీకు నేను సెప్పేదేముందండి” అని నవ్వాడు.

చెప్పేది చాలా ఉన్నదని నాకు తెలుసు. మా వీధి చివరి ఫిడేలు మాస్టారు పాఠం చెబుతూ పెన్సిలు కొనతో అమ్మాయి మణికట్టును అలా తాకుతారు. కమాను నిటారు అవుతుంది, కీచుమన్న స్వరం గుండ్రంగా వస్తుంది. ఫోనులో వాయించేవాడు మహా విద్వాంసుడే కావచ్చు. వాడు మనకు వినిపిస్తాడు. మనల్ని వినడు. మన చెయ్యి ఎక్కడ వంకరపోతున్నదో వాడికి తెలియదు. గురువుకూ గ్రామఫోనుకూ తేడా అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. విన్నంతమాత్రాన వచ్చేటట్టయితే ఇన్నేళ్ళుగా రేడియో విన్న ఆంధ్రదేశంలో ఇంటికొక బాలమురళి ఉండవలసింది.

జీతం సంగతి

గురువులు ఉచితంగా చెప్పారని పొగిడి ఊరుకోవడం తేలిక. ఈ రోజుల్లో ఒక సంగీతం మాస్టారిని ఫీజు పుచ్చుకోకుండా పాఠం చెప్పమనడం అన్యాయం. ఆయనకూ ఇల్లున్నది, అద్దె ఉన్నది, కరెంటు బిల్లు ఉన్నది. క్రౌజె ఉచితంగా చెప్పగలిగాడంటే ఆయనకు విద్యాలయంలో ఉద్యోగం ఉన్నది. ద్వారం వారి వెనక విజయనగర సంస్థానం ఉన్నది. 1948 డిసెంబరులో బెజవాడకు ఆకాశవాణి కేంద్రం వచ్చినప్పుడు ఎందరో విద్వాంసులకు నెల జీతం అంటే ఏమిటో తెలిసింది. రామస్వామి గారు అక్కడే కొలువు చేశారు. కచేరీల్లో బాలమురళి పక్కన వాయించారు, కొత్త రాగాలూ కొత్త తాళాలూ కల్పించారు, ఇంటికి వచ్చినవారికి పాఠం చెప్పారు. బాలమురళి గారు బెజవాడ సంగీత కళాశాలకు అధ్యక్షత వహించారు. విద్య పారాలంటే గురువుకు మనస్సు ఉండాలి, వెనక ఒక కాలవ ఉండాలి. రాజులు పోయారు. రేడియోలో నిలయ విద్వాంసుల ఉద్యోగాలు బాగా తగ్గిపోయినవి. ఇప్పుడు ఆ కాలవ మనమే, అంటే నెల మొదట ఫీజు కట్టే తల్లిదండ్రులం. మనం పదో తరగతి వచ్చిందని గట్టు వేస్తే, ఒక పిల్ల ఫిడేలు ఆగడంతో పోదు. మాస్టారి ఇంటి ముందు చెప్పులు తగ్గుతాయి. ఇంకొన్నేళ్ళకు మాస్టారు ఉండరు. ఆ తరవాత మన మనవలకు నేర్పించాలని ముచ్చటపడినా చెయ్యి పట్టుకునేవారు దొరకరు.

ఇది వేదాంతం కాదు, చిన్న లెక్క. పరంపరలో ఒక తరం తప్పితే తరవాతి తరానికి పుస్తకం మిగులుతుంది, ఫోను మిగులుతుంది. చెయ్యి మిగలదు.

తాడేపల్లిగూడెంలో

మళ్ళీ పెద్ద రోడ్డెక్కి, పూళ్ళ దాటి, పొద్దు వాలేవేళకు తాడేపల్లిగూడెం చేరాము. వ్యాపారం ఊరు ఇది. లారీల మోత, బస్తాల బరువు, ఉల్లిపాయల వాసన. అయినా కళ లేని ఊరు కాదు. రంగస్థలం నుంచి సినిమాకు వెళ్ళి, తెలుగుదేశాన్ని పొట్టచెక్కలయ్యేలా నవ్వించి, 1970 లో పద్మశ్రీ పొందిన రేలంగి వెంకట్రామయ్య గారికి ఇది సొంత ఊరివంటిది. తన పేరిట ఇక్కడ సినిమా హాలు కట్టించారు. 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ కూడా ఈ ఊరికి వచ్చింది. రేపు మా అమ్మాయి ఇంజనీరింగు చదవడానికి ఇక్కడికే రావచ్చు. వస్తే ఫిడేలు పెట్టె మోసుకురావడానికి అడ్డమేమీ లేదు.

మా ఇంట్లో ఫిడేలు గొడవ ఎట్లా తేలిందని పాఠకులు అడగవచ్చు. వారానికి మూడు రోజుల పాఠం ఒక రోజు అయింది. మాస్టారు ముందు ముఖం చిన్నబుచ్చుకున్నారు. తరవాత “ఆపలేదు గదా, అది చాలు” అన్నారు. మా ఆవిడ మొదటి నెల ఫీజు తానే స్వయంగా తీసుకువెళ్ళి ఇచ్చివచ్చింది.

తాడేపల్లిగూడెంలో చూడవలసినది మరొకటి ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో, బర్మా వైపునుంచి జపాను వారు వస్తారనే భయంతో, దొరలు ఇక్కడ విమానాలు దిగడానికి పొడుగాటి రన్‌వే వేశారు. ఆ యుద్ధం పోయింది, దొరలు పోయారు. రన్‌వే మాత్రం ఊరు ఎరిగిన గుర్తుగా నిలిచింది. దాన్ని ఎవరు వేశారో, ఎన్ని విమానాలు దిగాయో మనలో చాలామందికి తెలియదు. అంత గట్టి పని అది. రాయీ రప్పా పోసి, వందల చేతులు పెట్టి చేసినది.

అదే కాలంలో, ఇక్కడికి కొంత దూరాన, బెజవాడలో ఒక పంతులు గారు చాప మీద కూర్చుని, ఎదుట కూర్చున్న కుర్రవాడి వేలు తంతి మీద వెంట్రుకవాసి పక్కకు జరిపి ఉంటారు. దానికి రాయి లేదు, శిలాఫలకం లేదు. ఆ వేలు ఇంకొక వేలిని సరిదిద్దింది, అది మరొక వేలిని. లైప్‌జిగ్ మాస్టారిదీ ఇదే ఆస్తి. ఆ ఆస్తిలో మన పిల్లలకూ వాటా ఉన్నది. వెళ్ళి తీసుకోవలసినదల్లా వారే.